ఇద్దరు పిల్లలకు ఆటలమ్మ, తల్లి ఉద్యోగానికి ఎసరు: తిరుపతి షోరూం కేసు

ఈ కేసు క్లయింటు అనుమతితోనే రాస్తున్నాను. మనుషుల పేర్లు, షోరూం పేరు ఎక్కడా రాయను.

తిరుపతిలో ఒక పెద్ద బట్టల షోరూం. పట్టుచీరల సెక్షన్లో నాలుగేళ్ళుగా పనిచేస్తున్న ఒక తల్లి. 2025 ఫిబ్రవరిలో మొదట కొడుక్కి, పదిహేను రోజులకు కూతురికి ఆటలమ్మ పోసింది. పిల్లల్ని చూసుకోవడానికి ఆవిడ రెండు విడతలుగా ఇంట్లో ఉండిపోయింది. తిరిగి డ్యూటీకి వెళ్తే లోపలికి రానివ్వలేదు. ఆ తర్వాతే నా దగ్గరికి వచ్చింది.

బిడ్డకు అంటువ్యాధి వస్తే తల్లికో తండ్రికో ఇన్ని రోజులు సెలవివ్వాలి అని చెప్పే చట్టం ప్రైవేటు ఉద్యోగులకు మన దగ్గర లేదు. ఈ మాట క్లయింట్లకు మొదటి రోజే చెప్పేస్తాను. లేని హక్కును పట్టుకుని లేబరాఫీసుకు వెళ్తే ఖాళీ చేతులతో తిరిగొస్తాం. అలాగని ఉద్యోగం ఊడిపోయినట్టు కాదు. క్యాజువల్ లీవు ఏ కారణానికి ఇవ్వాలి, మనిషిని తీసేయాలంటే ఏ పద్ధతి పాటించాలి అన్న రెండు చోట్ల చట్టం గట్టిగా ఉంది. ఈ కేసు నిలబడింది ఆ రెండింటి మీదే. వాటికి ఊపిరి పోసింది మాత్రం ఆవిడ మొదటి రోజు పొద్దున్నే పంపిన ఒక వాట్సాప్ మెసేజీ.

ఏం జరిగింది

ఫిబ్రవరి 10, సోమవారం. మూడో తరగతి చదివే కొడుకు వీపు మీద, పొట్ట మీద పొక్కులు లేచాయి. పొద్దున 6:40కి ఆవిడ ఫోటో తీసి ఫ్లోర్ మేనేజరుకు పంపింది. ఆ ఫోటో చాలాసార్లు చూశాను. ఎర్రటి మచ్చల మధ్య నీళ్ళు నిండిన చిన్న చిన్న బుడగలు, రెండు మూడు చోట్ల ఆరిన క్యాలమైన్ లోషన్ తెల్లటి పూత, పక్కన మంచం మీద ఒక వేపమండ. కింద ఒక్క లైను: "సార్ బాబుకు అమ్మ పోసింది, డాక్టర్ దగ్గరికి పోతున్నా, లీవు కావాలి." పదకొండు గంటలకు మేనేజరు నుంచి వాయిస్ మెసేజి వచ్చింది. "ఏమ్మా, తగ్గేదాకా నువ్వు షాపు పక్కకే రావొద్దు. కడుపుతో ఉన్నోళ్ళు వస్తుంటారు, వాళ్ళకి అంటితే మనకి చెడ్డపేరు."

మేనేజరు అన్నదాంట్లో తప్పేమీ లేదు. గర్భిణులకు చికెన్‌పాక్స్ ప్రమాదమే. ఒళ్ళంతా పొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలై, అన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా ఇది అంటుకుంటూనే ఉంటుంది. మామూలుగా వారం పడుతుంది. బడిలో టీచరు కూడా పెచ్చు కట్టేదాకా పంపొద్దనే చెప్పింది.

ఫిబ్రవరి 19న ఆవిడ డ్యూటీకి వెళ్ళింది. మాఘమాసం పెళ్ళిళ్ళ గిరాకీ, కూర్చోడానికి కూడా తీరికలేదు. ఎవరూ ఏమీ అనలేదు, సంజాయిషీ అడగలేదు. 25వ తేదీ పొద్దున నాలుగేళ్ళ కూతురికి పొక్కులు కనిపించాయి. మళ్ళీ ఫోటో, మళ్ళీ మెసేజి. ఈసారి రెండు నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు రాలేదు. మర్నాడు మహాశివరాత్రి. శ్రీకాళహస్తి జాతర కోసమే ఆవిడ నాటకం ఆడుతోందని షాపులో ఎవరో అన్నారట, ఆ మాట పైదాకా పోయింది.

పాపకు తగ్గిందని డాక్టరు రాసిచ్చాక మార్చి 7న వెళ్తే బయోమెట్రిక్‌లో వేలిముద్ర పడలేదు. సెక్యూరిటీ వాళ్ళు ఆఫీసు గదికి పంపారు. అక్కడ ముందే టైపు చేసి పెట్టిన రాజీనామా కాగితం ఉంది: "నా వ్యక్తిగత కారణాల వల్ల స్వచ్ఛందంగా మానుకుంటున్నాను." సంతకం పెడితే లెక్క చూసి పంపిస్తామన్నారు. ఆవిడ ఇంట్లో అడిగి చెప్తానని, కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని బయటికొచ్చింది. మొత్తం కేసులో నాకు బాగా పనికొచ్చిన పనుల్లో అదొకటి. ఆ కాగితం మీద తేదీ ముందే వేసి ఉంది, ఫిబ్రవరి 24 అని. పాపకు జబ్బు చేయడానికి ముందురోజే మానేసినట్టు చూపించాలని వాళ్ళ ఉద్దేశం. కానీ 24న ఆవిడ రాత్రి దాకా డ్యూటీ చేసింది, వాళ్ళ బయోమెట్రిక్‌లోనే ఆ హాజరు ఉంది.

అబద్ధపు సర్టిఫికెట్ గురించి

నా దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చేతిలో ఇంకో ఆలోచన ఉంది. ఇంటి పక్కన ఎవరో సలహా ఇచ్చారు, నీకే జ్వరం వచ్చినట్టు డాక్టరు చేత రాయించుకో, సిక్ లీవు కింద సరిపోతుంది అని. "అట్ల చేస్తే ఉద్యోగం నిలబడ్తుందా మేడం?" అని అడిగింది.

ఈ సలహా మన ఊళ్ళో చాలా మామూలు. ఇచ్చేవాళ్ళకు చెడ్డ ఉద్దేశం ఉండదు. అయినా ఇంతకంటే ప్రమాదకరమైన సలహా ఇంకోటి లేదు. దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఏడాదికి 12 రోజుల సిక్ లీవు ఉద్యోగి తనకు జబ్బు చేస్తేనో, ప్రమాదం జరిగితేనో. ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కూడా అంతే. పిల్లలకు వైద్యం ఉచితంగా దొరుకుతుంది, కానీ జీతంలో 70 శాతం చొప్పున ఏడాదిలో 91 రోజుల దాకా ఇచ్చే జబ్బు భత్యం చందా కట్టే ఉద్యోగి స్వయంగా మంచాన పడితేనే. తల్లి తనకు జ్వరమని రాయించుకుంటే రెండు నష్టాలు. ఒకటి, బాబు ఫోటోతో లీవు అడిగిన మెసేజీకి అది పూర్తిగా విరుద్ధం. రెండు, అప్పటిదాకా ఏ తప్పూ చేయని మనిషి మీద మోసం అనే ఆరోపణ పెట్టడానికి యజమానికి మనమే కాగితం ఇచ్చినట్టవుతుంది. ఈఎస్ఐలో అబద్ధం చెప్పి డబ్బు తీసుకుంటే అది నేరం కూడా. నిజం మన వైపు గట్టిగా ఉన్నప్పుడు దాన్ని వదులుకోకూడదు. ఆవిడ విన్నది. నేను అందుకు ఇప్పటికీ సంతోషిస్తాను.

డాక్టరు కాగితం

ఆవిడ దగ్గరున్న మందుల చీటీల మీద ఉన్నది ఇంతే: రోగం పేరు, మందులు, "విశ్రాంతి 7 రోజులు". విశ్రాంతి పిల్లాడికి. తల్లి ఎందుకు ఇంట్లో ఉండాలి? ఆ ప్రశ్నకు చీటీలో జవాబు లేదు. యజమాని తరఫు లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే.

పిల్లల డాక్టరును కలిసి, వాళ్ళ ఓపీ రికార్డు ఆధారంగా ఒక ఉత్తరం అడిగాం. ఆయన చాలా ఓపికగా రాసిచ్చారు. బాబుకు పొక్కులు కనిపించిన తేదీ ఫిబ్రవరి 10, పాపకు 25. ఈ వ్యాధి సోకినప్పటి నుంచి బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది, కాబట్టి ఒకే ఇంట్లో అన్నకు వచ్చిన పదిహేను రోజులకు చెల్లికి రావడం వైద్యపరంగా ఊహించదగిందే. పెచ్చు కట్టేదాకా పిల్లలు ఇంట్లోనే విడిగా ఉండాలి. ఆ వయసు పిల్లలకు పెద్దవాళ్ళ సంరక్షణ తప్పనిసరి. చివరి వాక్యం అడిగి మరీ రాయించుకున్నాను: ఇంతకు ముందు ఈ వ్యాధి వచ్చి తగ్గిన పెద్దవాళ్ళు చూసుకోవడమే క్షేమం, పెద్దయ్యాక సోకితే తీవ్రంగా ఉండే అవకాశం ఎక్కువ.

ఆ చివరి వాక్యం ఎందుకంటే, ఆవిడకు చిన్నప్పుడే ఆటలమ్మ పోసింది. భర్తకు రాలేదు. ఆయన తిరుమల ఘాట్‌లో ట్యాక్సీ నడుపుతాడు, సొంత బండి. ఆయనకు అంటుకుంటే ఇంట్లో రెండు సంపాదనలూ ఆగిపోయేవి. పీలేరు నుంచి అవ్వను పిలిపిద్దామంటే ఆమెకు షుగరు, కబురు చేయడానికే భయపడ్డారు. పిల్లల్ని చూడటానికి ఇంట్లో క్షేమంగా పనికొచ్చే మనిషి ఆవిడ ఒక్కతే. మీకు తెలిసిన డాక్టర్లుంటే దయచేసి చెప్పండి: పిల్లల చీటీ మీద ఐసోలేషన్ తేదీలు, పక్కన పెద్దవాళ్ళు ఉండాలన్న మాట, ఈ రెండూ రాస్తే చాలు, ఒక ఉద్యోగం నిలబడుతుంది.

చట్టంలో మాకు దొరికింది

షోరూములకు వర్తించేది ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988. ఈ షాపులో 40 మందికి పైగా పనిచేస్తారు, కాబట్టి వర్తిస్తుందా లేదా అన్న పేచీ రాలేదు. ఆ చట్టం ప్రకారం ఏడాదికి 12 రోజులు జీతంతో క్యాజువల్ లీవు, "సహేతుకమైన ఏ కారణానికైనా". ఇందులో జబ్బు ఎవరిది అన్న షరతు లేదు, ఆడా మగా తేడా లేదు. తండ్రులు కూడా అడగొచ్చు, అడగాలి. నాలుగేళ్ళ పాపకు ఒళ్ళంతా పొక్కులు లేస్తే ఇంట్లో ఉండటం సహేతుకం కాకపోతే ఇంకేది సహేతుకం? ఇది కాక ఏడాది సర్వీసు నిండినవాళ్ళకు 15 రోజుల ఆర్జిత సెలవు (ఎర్న్‌డ్ లీవు) ఉంది.

లెక్క వేశాం. ఆ ఏడాది ఆవిడ వాడుకున్నవి సంక్రాంతికి రెండు, తర్వాత ఒకటి. మిగిలినవి 9. వారాంతపు సెలవు గురువారం తీసేస్తే మొదటి విడత 8 పనిదినాలు, రెండో విడత 8. మొదటి 8, రెండో విడతలో 1 క్యాజువల్ లీవు కింద, మిగతా 7 ఆర్జిత సెలవు కింద సర్దితే ఒక్క రోజు కూడా జీతం లేని సెలవు పడదు. సెలవుల రిజిస్టరు నిర్వహించాల్సింది యజమాని. వీళ్ళు అది పెట్టనే లేదు, అందుకే మా లెక్కను కాదనడానికి వాళ్ళ దగ్గర ఏమీ లేకపోయింది. పైగా ఫిబ్రవరి జీతంలో మొదటి విడత 8 రోజులకు 4,000 రూపాయలు కోసేశారు, తామే రావొద్దని చెప్పిన రోజులకు.

ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళకు దారి వేరు. శ్రీసిటీలో, రేణిగుంట దగ్గరి ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లో పనిచేసే తల్లులు చాలామంది ఇదే ప్రశ్న అడుగుతారు. వాళ్ళకు 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున ఆర్జిత సెలవు. పాత ఫ్యాక్టరీల చట్టంలో ఏడాదికి 240 రోజులు పనిచేస్తేనే ఆ హక్కు వచ్చేది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో అది 180 రోజులకు తగ్గింది. అడిగినా ఇవ్వని సెలవు ఎన్ని రోజులైనా వచ్చే ఏడాదికి చేరుతుంది, అందుకే అడిగినట్టు కాగితం ఉండాలి. 50 మందో అంతకంటే ఎక్కువమందో పనిచేసే చోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే గది) ఉండాలన్న నిబంధన మంచిదే, కానీ అంటువ్యాధి ఉన్న బిడ్డను క్రెష్‌లో వదల్లేం.

నన్ను బాధపెట్టే సంగతి ఒకటుంది. ఆ బాబు టీచరు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి. ఆమెకు పిల్లల సంరక్షణ సెలవు సర్వీసులో 180 రోజులు, 2022లో 60 నుంచి పెంచారు. కేంద్ర ప్రభుత్వంలో మహిళలకు, ఒంటరి తండ్రులకు 730 రోజులు. 2021 జూన్‌లో, ఇంట్లో ఆధారపడిన వాళ్ళకు కోవిడ్ వస్తే కేంద్రం తన ఉద్యోగులకు 15 రోజుల ప్రత్యేక క్యాజువల్ లీవు కూడా ఇచ్చింది. బిడ్డ జబ్బు, తల్లి అవసరం రెండు ఇళ్ళల్లో ఒకటే. చీరలు అమ్మే తల్లికి ఇందులో ఒక్క రోజు కూడా రాదు. షోరూం యాజమాన్యానికి పంపిన మా నోటీసులో కోవిడ్ సెలవు సంగతి ప్రస్తావించాం. అది హక్కుగా మాకు వర్తించదని తెలుసు. అంటువ్యాధి ఉన్న ఇంటి మనిషి పనికి రాకపోవడం అవసరమే అని ప్రభుత్వమే ఒప్పుకున్న సందర్భంగా చూపించాం.

వాళ్ళ వాదనలు

నోటీసుకు జవాబు వచ్చింది. ముఖ్యమైన వాదన ఒక్కటే: అపాయింట్‌మెంట్ లెటర్లో వరుసగా 8 రోజులు అనుమతి లేకుండా రాకపోతే తనంతట తానే మానేసినట్టు అని ఉంది, దానికి ఆమె సంతకం పెట్టింది. మేం తీసేయలేదు, ఆమే మానేసింది.

ఈ షరతు చూసి బెదిరిపోయే ఉద్యోగులు ఎంతమందో. 1993లో డి.కె. యాదవ్ వర్సెస్ జె.ఎం.ఎ. ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు ముందు సరిగ్గా ఇదే ఉంది. ఆ కంపెనీ స్టాండింగ్ ఆర్డర్లలోనూ (ఉద్యోగ నిబంధనల్లోనూ) 8 రోజుల షరతే. తనను గేటు దగ్గర ఆపేశారని కార్మికుడు, తనే రాలేదని కంపెనీ. షరతు ఉన్నంత మాత్రాన దానంతటదే ఉద్యోగం పోదనీ, విచారణ పెట్టి మనిషి చెప్పేది వినకుండా తీసేస్తే సహజ న్యాయానికి విరుద్ధమనీ, బతుకుతెరువు హక్కు అందులో ఉందనీ కోర్టు చెప్పింది. బయట ఉంచిన కాలానికి 50 శాతం బకాయి జీతంతో తిరిగి తీసుకోమంది. 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులో ఇంకో అడుగు ముందుకేసింది: గైర్హాజరు కావాలని చేసిందని రుజువు కాకపోతే అది తప్పుడు ప్రవర్తన కాదు. ఆయన ప్రభుత్వోద్యోగి, అయినా సూత్రం మాకు పనికొచ్చింది.

మా వైపు బలహీనత ఒకటుంది. రెండో విడత మెసేజీకి జవాబు రాలేదు, మౌనాన్ని అనుమతి అనలేం. ఆ మాట మేమే ముందు ఒప్పుకున్నాం. అయితే సమాచారమే లేదన్న మాట నీలం టిక్కుల ముందు నిలవదు. చెప్పా పెట్టకుండా మానేయడం వేరు, చెప్పి అనుమతి కోసం ఎదురుచూడటం వేరు.

శివరాత్రి ఆరోపణకు డాక్టరు ఉత్తరం చాలింది. భర్త చూసుకోలేడా అన్న ప్రశ్నకు కూడా ఆ ఉత్తరమే.

వాయిస్ మెసేజి ఉన్న ఫోన్‌ను ఫార్మాట్ చేయొద్దని, చాట్ చెరపొద్దని ఆవిడకు మొదటి రోజే చెప్పాను. కోర్టుదాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేసి పెట్టాల్సి వస్తుంది. స్క్రీన్‌షాట్ మాత్రమే ఉంటే ఇబ్బంది.

లేబరాఫీసులో

మా ముందు రెండు దారులు. పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 2ఏ కింద వెళ్తే రాజీ ప్రయత్నం, 45 రోజులు దాటాక నేరుగా అనంతపురం లేబర్ కోర్టు. అప్పట్లో దీనికి తీసేసిన నాటి నుంచి 3 ఏళ్ళ గడువు, కొత్త కోడ్ వచ్చాక 2 ఏళ్ళే. ఇప్పుడు ఉద్యోగం పోయినవాళ్ళు ఆ తేడా గుర్తుంచుకోవాలి. రెండో దారి, దుకాణాల చట్టం కింద తిరుపతిలోనే కార్మిక శాఖ అధికారి ముందు అప్పీలు. మళ్ళీ మళ్ళీ అనంతపురం తిరగడం ఆవిడ వల్ల కాదు. రెండోది ఎంచుకున్నాం.

అధికారి ఇరుపక్షాలనూ పిలిచిన రోజు యాజమాన్యం డబ్బు ప్రతిపాదన పెట్టింది. చట్టం ప్రకారం తీసేయాలన్నా నెల నోటీసు జీతం 15,000, నాలుగేళ్ళకు ఏడాదికి 15 రోజుల చొప్పున 30,000, కలిపి 45,000 ఇవ్వక తప్పదు. అది ఇస్తాం, వదిలేయమన్నారు. చాలామంది ఇక్కడే ఒప్పుకుంటారు, వాళ్ళను తప్పుపట్టను, ఇంటద్దె ఆగదు. ఆవిడ బయటికొచ్చి భర్తతో ఫోన్లో మాట్లాడి, నాతో ఒక్కటే అంది: "నేను దొంగతనం చేయలేదు మేడం, నా పని నాకు కావాల."

ఆ తర్వాత రాజీనామా కాగితం ఫోటో, 24వ తేదీ బయోమెట్రిక్ హాజరు రెండూ అధికారి ముందు పక్కపక్కన పెట్టాం. అధికారి మేనేజరును ఒకే ప్రశ్న అడిగారు, 24న మానేసిన మనిషికి ఆ రాత్రి 9 గంటలకు పంచ్ ఎలా పడింది అని. జవాబు రాలేదు.

ఏప్రిల్ 21న ఆవిడ అదే సెక్షన్లో, సర్వీసు తెగకుండా డ్యూటీలో చేరింది. కోసిన 4,000 వెనక్కి వచ్చింది. రెండు విడతలూ మా లెక్క ప్రకారమే సెలవుల్లో సర్దారు. బయట ఉంచిన 45 రోజుల జీతం 22,500లో సగం, 11,250 ఇవ్వడానికి ఒప్పుకున్నారు. పూర్తిగా అడగాల్సింది అని కొందరు తోటి లాయర్లు అన్నారు. అప్పీలు సాగదీస్తే మరో ఏడాది పట్టేది, జీతం లేకుండా ఆ ఇల్లు గడవదు. రాజీ మంచిదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. లేబరాఫీసు ముందు రాసుకున్న ఒప్పందంలో ఇంకో వాక్యం చేర్పించాం: ఇకమీదట సెలవు అడుగుతూ వాట్సాప్‌లో వచ్చిన మెసేజీకి అదే రోజు ఇస్తామనో ఇవ్వమనో రాతలో జవాబివ్వాలి. ఆ వాక్యం మీద వాళ్ళు చాలాసేపు బేరం పెట్టారు, డబ్బు మీదకంటే ఎక్కువసేపు.

ఇలాంటి పరిస్థితిలో ఉన్న మహిళలు ఫీజుకు భయపడి ఆగిపోవద్దు. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, 15100కు ఫోన్ చేస్తే చాలు. వెళ్ళేటప్పుడు అపాయింట్‌మెంట్ లెటరు, ఆఖరి జీతం స్లిప్పు, పిల్లల మందుల చీటీలు, చాట్ ఉన్న ఫోను పట్టుకెళ్ళండి. అపాయింట్‌మెంట్ లెటరు ఇవ్వని షాపులే ఎక్కువ, అలాంటప్పుడు బ్యాంకులో జీతం పడ్డ పేజీ, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ పాస్‌బుక్ సరిపోతాయి.

బకాయి జీతం మే నెలలో ఆవిడ ఖాతాలో పడింది. దాని మీద కట్టాల్సిన పీఎఫ్, ఈఎస్ఐ చందాలు మొదట కట్టలేదు. ఇంకో ఉత్తరం రాశాక కట్టారు.